ఎఫ్‌సీసీ మ్యాప్‌లో ఫైబర్ ఉంది, కంపెనీ లేదంటోంది: ఇల్లు కొనేముందు దేన్ని నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. టెక్సాస్‌లో ఊరికి దూరంగా, ఫార్మ్ టు మార్కెట్ రోడ్డు పక్కన, ఐదెకరాల స్థలంలో ఉన్న ఇల్లు కొంటున్నారు. మీరిద్దరూ ఇంటి నుంచే పనిచేస్తారు. ఆ అడ్రసుకు ఒక గిగాబిట్ ఫైబర్ ఉందని ఎఫ్‌సీసీ (అమెరికా ప్రభుత్వ టెలికాం నియంత్రణ సంస్థ) బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్ చూపిస్తోంది. అదే కంపెనీకి ఫోన్ చేస్తే "మీ అడ్రసు మా సిస్టంలో లేదు" అంటున్నారు. ఆప్షన్ పీరియడ్, అంటే కారణం చెప్పకుండా కొనుగోలు ఒప్పందం వదులుకోగల గడువు, ఇంకో వారంలో అయిపోతుంది. మ్యాప్‌ని నమ్మి ముందుకెళ్లొచ్చా, తప్పయితే దాన్ని సరిచేయించేదెలా అని అడిగారు.

మ్యాప్‌ని నమ్మి ఇల్లు కొనకండి. అలాగని కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్‌లో చెప్పిన "లేదు"ని కూడా తుది మాటగా తీసుకోకండి. రెండూ తప్పే కావచ్చు. ఈ అడ్రసుకు సేవ ఇస్తాం, ఇన్‌స్టలేషన్‌కి ఇంత, ఫలానా తేదీకల్లా అని కంపెనీ నుంచి ఈమెయిల్‌లో వచ్చేదాకా అక్కడ ఫైబర్ లేనట్టే లెక్కేసుకోండి. ఆ కాగితం ఆప్షన్ పీరియడ్ లోపల చేతికి రాకపోతే పీరియడ్ పొడిగించమని అడగండి. లేదా ఫైబర్ లేకపోయినా ఈ ఇంట్లో మన పని నడుస్తుందా అన్న లెక్క మీద నిర్ణయం తీసుకోండి. మ్యాప్‌లో తప్పు దిద్దించడం వేరే పని. అది చేయాల్సిందే కానీ దానికి నెలలు పడుతుంది, మీ వారం గడువుకి అక్కరకు రాదు.

ముందు మ్యాప్ అసలు ఏం చెబుతోందో చూద్దాం. అందులో ఉన్నది ఎవరో ఇంటింటికీ వెళ్లి కొలిచిన సమాచారం కాదు. ఇంటర్నెట్ కంపెనీలు ఏడాదికి రెండుసార్లు ఎఫ్‌సీసీకి లెక్కలు పంపుతాయి. జూన్ 30 నాటి పరిస్థితిని సెప్టెంబర్ 1 లోగా, డిసెంబర్ 31 నాటిది మార్చి 1 లోగా పంపాలి. అది మ్యాప్ మీదకి ఎక్కడానికి మరో రెండు మూడు నెలలు. అంటే మీరు ఎప్పుడు చూసినా కనీసం నాలుగైదు నెలల పాత సమాచారమే చూస్తుంటారు. అందులోని వేగం కంపెనీ ప్రకటించుకున్న గరిష్ఠ వేగం, ఆ ఇంట్లో ఎవరూ పరీక్షించి రాసింది కాదు.

"ఉంది" అన్నమాటకు నియమం మాత్రం గట్టిదే. మీరు అడిగిన 10 పనిదినాల్లో, లైను పొడిగింపు ఖర్చు మీ మీద వేయకుండా, మామూలు ఇన్‌స్టలేషన్‌తో ఇవ్వగలిగితేనే ఆ ఇంటిని కంపెనీ తన ఖాతాలో చూపించుకోవాలి. మీ వాదనకు ఆధారం ఈ నియమమే. "లైను లాగాలి, పదిహేను వేల డాలర్లవుతుంది" అని కంపెనీ అన్న క్షణంలోనే మ్యాప్‌లో ఆ ఇంటికి ఉన్న ఎంట్రీ తప్పని తేలిపోయినట్టు.

ఇంతకుముందు పరిస్థితి ఇంకా అధ్వానంగా ఉండేది. పాత ఫారం 477 పద్ధతిలో జనగణన బ్లాకులో ఒక్క ఇంటికి సేవ ఉన్నా, ఇవ్వగలిగినా, బ్లాకు మొత్తానికి ఉన్నట్టే లెక్క. పల్లెల్లో ఒక్కో బ్లాకు మైళ్ల కొద్దీ పరచుకుని ఉంటుంది. ఎవరూ సరిచూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2019లో ఎఫ్‌సీసీ నివేదిక ముసాయిదాలో ఒక చిన్న కంపెనీ ఎనిమిది రాష్ట్రాల్లో ఆరు కోట్ల మందికి పైగా నివసించే ప్రాంతాలకు ఫైబర్ ఇస్తున్నట్టు నమోదైంది. అది బయటివాళ్లు పట్టుకుంటే గానీ బయటపడలేదు. 2020 మార్చిలో బ్రాడ్‌బ్యాండ్ డేటా చట్టం వచ్చాక ఇంటి స్థాయిలో లెక్కలు తీయడం మొదలైంది. ఇప్పుడున్న మ్యాప్ తొలి రూపం 2022 నవంబర్ 18న విడుదలైంది. పాతదానితో పోలిస్తే ఇది చాలా మెరుగు, అందులో సందేహం లేదు. కాకపోతే తప్పులు బ్లాకు స్థాయి నుంచి ఇంటి స్థాయికి దిగాయి. ఆ ఇల్లు మీదైతే మిగతా దేశమంతా సరిగ్గా ఉన్నా మీకు ఒరిగేదేం లేదు.

ఐదెకరాల స్థలాల్లో తప్పు ఎక్కువగా వచ్చే చోటు ఇదీ. కేబుల్, ఫైబర్ లాంటి తీగ సేవల్లో, తమ లైను నుంచి స్థలం సరిహద్దు దాకా 500 అడుగుల లోపు ఉంటే ఆ ఇంటికి సేవ ఉన్నట్టు కంపెనీ చూపించుకోవచ్చు. గమనించండి, సరిహద్దు దాకా, ఇంటి గుమ్మం దాకా కాదు. రోడ్డుకి అవతల లైను పోతోంది, మీ గేటు దానికి 60 అడుగుల్లో ఉంది, కానీ ఇల్లు గేటు నుంచి ఇంకో 700 అడుగులు లోపల ఉందనుకోండి. మ్యాప్ లెక్క ప్రకారం మీకు సేవ ఉంది. కానీ మామూలు ఇన్‌స్టలేషన్‌లో కంపెనీలు ఉచితంగా వేసే డ్రాప్ తీగకి (లైను నుంచి ఇంటి గోడదాకా వచ్చే తీగ) ఒక హద్దుంటుంది, చాలాచోట్ల 150 నుంచి 300 అడుగులు. మిగతా దూరం అడుగుకింత అని మీ మీద పడుతుంది. కోయాక్స్ కేబుల్ అయితే డబ్బుతో పాటు సిగ్నల్ సమస్య కూడా ఉంది: సన్నటి ఆర్‌జీ 6 తీగ 150 అడుగులు దాటితే నీరసపడుతుంది, దాని బదులు లావుపాటి ఆర్‌జీ 11 వేయాలి, అది కూడా చాలని దూరమైతే కొత్త ట్యాప్ (మెయిన్ లైను నుంచి ఇంటి తీగ విడదీసే పెట్టె) పెట్టాలి. ఫైబర్‌కి ఈ దూరాలు లెక్కలోవి కావు, అక్కడ సమస్యంతా తవ్వకం ఖర్చే.

మ్యాప్ తప్పడానికి తక్కిన కారణాలు కూడా చెబుతాను, ఎందుకంటే మీ విషయంలో ఏది జరిగిందో తెలిస్తే ఎవరితో ఏం మాట్లాడాలో తెలుస్తుంది.

అడ్రసు కలవకపోవడం చాలా మామూలు. టెక్సాస్‌లో ఒకే రోడ్డుని "ఎఫ్‌ఎం" అని, "ఫార్మ్ టు మార్కెట్ రోడ్" అని, "ఫార్మ్ రోడ్" అని మూడు రకాలుగా రాస్తారు. కౌంటీ 911 (అత్యవసర సేవల) జాబితాలో ఒకటి, కంపెనీ బిల్లింగ్ సిస్టంలో ఇంకొకటి ఉంటే కస్టమర్ కేర్ మనిషికి తెరమీద ఏమీ రాదు, "లేదు" అనేస్తాడు. మీకు వచ్చిన జవాబు ఇదే అయి ఉండే అవకాశం గట్టిగా ఉంది. "మీ అడ్రసు మా సిస్టంలో లేదు" అనడం వేరు, "మీ ఇంటికి లైను లేదు" అనడం వేరు. రెండోది చెప్పగలిగేది వాళ్ల నిర్మాణ విభాగమే.

చుక్క తప్పుచోట పడటం ఇంకొకటి. మ్యాప్‌లో ప్రతి ఇంటికీ ఒక చుక్క, ఒక లొకేషన్ నంబరు ఉంటాయి. ఉపగ్రహ చిత్రాలు, భూమి పన్ను రికార్డులు కలిపి ఈ చుక్కల జాబితాని ఎఫ్‌సీసీ కోసం కాస్ట్‌క్వెస్ట్ అనే సంస్థ తయారు చేస్తుంది. ఐదెకరాల స్థలంలో ఇల్లు, కొట్టం, షెడ్డు ఉంటే చుక్క కొట్టం మీద పడొచ్చు, పక్కవాళ్ల అడ్రసు మీ చుక్కకి అంటుకోవచ్చు. కొత్తగా కట్టిన ఇల్లయితే చుక్కే ఉండకపోవచ్చు, ఖాళీ స్థలానికి అసలు ఉండదు. అందుకే అడ్రసు టైపు చేసి ఊరుకోకుండా ఉపగ్రహ చిత్రం పెట్టుకుని చుక్క ఏ కప్పు మీద ఉందో చూడండి.

ఇక ముందస్తుగా చెప్పేసుకోవడం. వచ్చే ఏడాది వేయబోయే లైనుని ఈ ఏడాదే చూపించే కంపెనీలున్నాయి. నిర్లక్ష్యం కావచ్చు, కావాలని వేసిన ఎత్తుగడ కావచ్చు. ఒక ఇంటికి సేవ ఉందని నమోదైతే ఆ ఇంటికి లైను వేస్తానని ప్రభుత్వ సాయం అడిగే పోటీ కంపెనీకి దారి మూసుకుపోతుంది. ఆ పాపం అనుభవించేది ఆ ఇంట్లో ఉండేవాళ్లు. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: కరెంటు కోఆపరేటివో టెలిఫోన్ కోఆపరేటివో మొన్న ఆరునెలల్లో ఫైబర్ వేసి ఉంటుంది, మ్యాప్‌కి అది ఇంకా తెలియదు. మీ కౌంటీలో కరెంటు ఎవరిస్తున్నారో చూసి వాళ్లకి కూడా ఫోన్ చేయండి, మ్యాప్‌లో వాళ్ల పేరు లేకపోయినా సరే.

ఈ వారంలో చేయాల్సింది చెబుతాను.

మొదటిది, ఇంటి యజమాని చివరి ఇంటర్నెట్ బిల్లు. మీ ఏజెంట్ ద్వారా ఇవాళే అడగండి. కంపెనీ పేరు, ప్లాను, అడ్రసు రాసిన తీరు, అన్నీ అందులో ఉంటాయి. ఆ అడ్రసుని ఉన్నదున్నట్టు అక్షరం మార్చకుండా కంపెనీకి చదివి వినిపించండి. ఒకవేళ అక్కడున్నది పాత డీఎస్ఎల్ (టెలిఫోన్ తీగ మీద వచ్చే ఇంటర్నెట్) అయితే, మీరు మారేదాకా కనెక్షన్ రద్దు చేయవద్దని యజమానిని గట్టిగా కోరండి. డీఎస్ఎల్ క్యాబినెట్‌లో పోర్టులు పరిమితం. ఒకరు వదిలిన పోర్టు ఇంకొకరికి పోతే మీకు మిగలదు. కొన్ని కంపెనీలు కొత్త డీఎస్ఎల్ ఆర్డర్లు తీసుకోవడమే మానేశాయి. ఏటీ అండ్ టీ 2020 అక్టోబర్‌లోనే ఆపేసింది.

రెండోది, కంపెనీకి మళ్లీ ఫోన్. ఈసారి సేల్స్ వాళ్లని కాదు, నిర్మాణ విభాగాన్ని అడగండి. "సర్వీసబిలిటీ చెక్" కావాలి, అవసరమైతే మనిషిని పంపి సైట్ సర్వే చేయించండి అనండి. అడ్రసుతో పాటు అక్షాంశ రేఖాంశాలు, మ్యాప్‌లోని లొకేషన్ నంబరు ఇవ్వండి. అడగాల్సిన ప్రశ్నలు: ఈ ఇంటికి దగ్గరి టెర్మినల్ (లైను నుంచి ఇళ్లకి తీగలు చీలే పెట్టె) ఎక్కడుంది, అందులో పోర్టు ఖాళీ ఉందా, అక్కడినుంచి ఇంటి గోడ దాకా ఎన్ని అడుగులు, డ్రాప్ ఎన్ని అడుగుల దాకా ఉచితం, ఆపైన ఎంత, పక్కవాళ్ల స్థలం గుండా పోవాలంటే ఈజ్‌మెంట్ (తీగ వేసుకునే దారి హక్కు) ఉందా. జవాబు ఈమెయిల్‌లో కావాలనండి. ఈమెయిల్ ఇవ్వనంటే అది కూడా ఒక జవాబే అనుకోండి.

మూడోది, రోడ్డు మీద నిలబడి మీ కళ్లతో చూడటం. కరెంటు స్తంభం మీద అన్నిటికన్నా పైన కరెంటు తీగలు, కింద భాగంలో టెలిఫోన్, కేబుల్, ఫైబర్ తీగలు ఉంటాయి. అక్కడక్కడ తీగ మీద పొడవాటి గుడ్డు ఆకారంలో వెనక్కి తిప్పి కట్టిన తీగ చుట్ట కనబడితే అది దాదాపుగా ఫైబర్, మరమ్మతు కోసం మిగిల్చి పెట్టినది. భూమిలో వేసినచోట నారింజ రంగు గుర్తుకర్రలు, మూత ఉన్న పెట్టెలు ఉంటాయి. అయితే ఫైబర్ ఇంటి ముందునుంచి పోవడం, ఆ ఇంటికి రావడం ఒకటి కాదు. అది రెండు ఊళ్లని కలిపే లైను కావచ్చు, దాన్నించి మధ్యలో ఎవరికీ కనెక్షన్ ఇవ్వరు. వెతకాల్సింది టెర్మినల్: వరసగా నాలుగో ఎనిమిదో పోర్టులున్న చిన్న నల్లపెట్టె, దాన్నించి సన్నటి డ్రాప్ తీగ పక్కింటికి పోతుండాలి. అది కనబడితే మీకు ఆశ ఉంది. మైలు దూరంలో కూడా ఒక్కటీ కనబడకపోతే స్తంభం మీద ఎంత లావు ఫైబర్ ఉన్నా లాభం లేదు. వెళ్లినప్పుడే పక్కింటివాళ్లని పలకరించి ఏ కంపెనీ, సాయంత్రంపూట ఎలా ఉంటుంది అని అడగండి. ఏ మ్యాప్ కన్నా ఆ జవాబు తాజాది.

నాలుగోది, ఫైబర్ రాకపోతే ఏంటన్నది. మ్యాప్‌లో ఫిల్టర్ పెట్టి ఉపగ్రహ సేవలు తీసేసి చూడండి, ఎందుకంటే ఉపగ్రహం దాదాపు ప్రతి ఇంటికీ ఉన్నట్టే చూపిస్తుంది, దానివల్ల ఆ ఇంటికి మంచి సేవ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. మిగిలిన వాటిని విడివిడిగా తూచండి.

టవరు నుంచి వచ్చే ఫిక్స్‌డ్ వైర్‌లెస్‌లో మ్యాప్‌లోని కవరేజీ చాలాసార్లు కంప్యూటర్ నమూనాతో వేసినదే. మీ ఇంటికీ టవరుకీ మధ్య ఓక్ చెట్ల వరస ఉంటే నమూనాకి అది తెలియకపోవచ్చు. శీతాకాలంలో పనిచేసినది ఆకులు వచ్చాక ఆగిపోతుంది. కంపెనీ మనిషి వచ్చి కప్పు మీద యాంటెనా పెట్టి సిగ్నల్ చూపిస్తేనే నమ్మండి. మొబైల్ కంపెనీలిచ్చే 5జీ హోమ్ ఇంటర్నెట్ ఒక్కో టవరుకి ఇన్ని ఇళ్లు అన్న పరిమితితో ఇస్తారు కాబట్టి ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉన్నా అడ్రసుకి ఇవ్వకపోవచ్చు.

మొబైల్ కవరేజీ మ్యాపు విషయంలో ఇంకా జాగ్రత్త. అది ఆరుబయట నిలబడి ఉన్నప్పుడు, లేదా కదిలే కారులో ఉన్నప్పుడు వచ్చే సిగ్నల్ లెక్క. గోడల లోపలి సంగతి అందులో లేదు. రేకు కప్పు ఇల్లయితే లోపల సిగ్నల్ బాగా పడిపోతుంది. పైగా 4జీ ఉందనడానికి పెట్టుకున్న కొలత 5 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 1 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మాత్రమే. పాత మ్యాపుల కాలంలో ఎఫ్‌సీసీ సిబ్బంది పన్నెండు రాష్ట్రాల్లో కార్లలో తిరుగుతూ పరీక్షిస్తే, కంపెనీలు ఉందన్న చోట కనీస వేగం అందినది 62.3 శాతం పరీక్షల్లోనే. ఆ నివేదిక 2019 డిసెంబర్‌లో వచ్చింది. కాబట్టి మూడు కంపెనీల ఫోన్లు వెంట తీసుకెళ్లి, ఇంటి లోపల, మీరు ఆఫీసు పెట్టుకునే గదిలో, రాత్రి 7 నుంచి 10 మధ్య ఒకసారి, పగలు ఒకసారి వేగం పరీక్షించండి.

తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సేవ, అంటే స్టార్‌లింక్ లాంటిది, వీడియో కాల్స్‌కి సరిపోతుంది. దాని యాప్‌లో ఆకాశంలో అడ్డంకులు చూపించే సాధనం ఉంది, యాంటెనా పెట్టాలనుకున్న చోట నిలబడి ఫోన్ తిప్పండి. చెట్టు కొమ్మ చిన్నదే అడ్డుపడినా కాల్ మధ్యలో రెండు మూడు సెకన్లు తెగుతుంటుంది. ఆ ప్రాంతంలో కొత్త కస్టమర్లని తీసుకుంటున్నారో లేదో కూడా అడ్రసు వేసి చూడండి. పాత తరహా, 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహ సేవ మాత్రం మీ పనికి వద్దు. మాట వెళ్లి రావడానికే అర సెకను దాటుతుంది, వీపీఎన్ మీద నరకం.

మీ ఇద్దరి పనికీ గిగాబిట్ అక్కర్లేదు, ఆ మాట కూడా చెప్పాలి. 2024 మార్చిలో ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ అంటే 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అని మార్చింది, అంతకుముందు 25, 3 ఉండేది. నిలకడగా ఉండే 100/20 మీకు పుష్కలం. మీరు చూడాల్సింది అప్‌లోడ్, సాయంత్రంపూట నిలకడ. కంపెనీలు ఇప్పుడు ప్రతి ప్లానుకీ ఇవ్వాల్సిన బ్రాడ్‌బ్యాండ్ లేబుల్‌లో మామూలుగా అందే అప్‌లోడ్ వేగం, లేటెన్సీ (సమాచారం వెళ్లి రావడంలో ఆలస్యం) ఉంటాయి, ప్రకటన వదిలేసి అది చదవండి.

"మీ రోడ్డుకి వచ్చే ఏడాది ఫైబర్ వస్తోంది" అని ఏజెంట్ చెప్పొచ్చు. ఎఫ్‌సీసీకి ఇంకో మ్యాప్ ఉంది, ఫండింగ్ మ్యాప్ అని. ఆ ప్రాంతానికి ఏ ప్రభుత్వ పథకం కింద ఎవరు లైను వేస్తామని ఒప్పుకున్నారో అందులో ఉంటుంది. కానీ 2020 నవంబర్‌లో ముగిసిన ఆర్‌డీఓఎఫ్ (పల్లెలకి బ్రాడ్‌బ్యాండ్ వేయడానికి ఎఫ్‌సీసీ సాయమిచ్చే పథకం) వేలంలో గెలిచినవాళ్లు చాలామంది తర్వాత చేతులెత్తేశారు. వేయాల్సినవాళ్లకి కూడా గడువులు ఏళ్ల తరబడి ఉంటాయి. కాబట్టి రాబోయే ఫైబర్‌ని లేని ఫైబర్‌గానే లెక్కేయండి.

ఇప్పుడు ఛాలెంజ్ సంగతి, అంటే మ్యాప్‌లో తప్పుందని ఎఫ్‌సీసీకి అభ్యంతరం పెట్టడం. మ్యాప్‌లో అడ్రసు వెతికి చుక్క మీద నొక్కితే కుడివైపు కంపెనీల జాబితా వస్తుంది. అక్కడే రెండు రకాల ఛాలెంజ్‌లు కనబడతాయి. చుక్క తప్పుచోట ఉన్నా, అడ్రసు తప్పయినా, చుక్కే లేకపోయినా లొకేషన్ ఛాలెంజ్. సేవ ఉందని తప్పుగా రాస్తే అవైలబిలిటీ ఛాలెంజ్. రెండోదానిలో కంపెనీని ఎంచుకుని, కారణం ఎంచుకోవాలి: సేవ ఇవ్వనన్నారు, 10 పనిదినాల్లో తేదీ ఇవ్వలేదు, మామూలు ఇన్‌స్టలేషన్ కన్నా ఎక్కువ డబ్బు అడిగారు, చూపించిన టెక్నాలజీ లేదా వేగం అమ్మడం లేదు, ఇలా ఉంటాయి. మీరు ఎప్పుడు, ఎలా అడిగారో రాసి, ఆధారం జతచేయాలి. కంపెనీ ఈమెయిల్, తేదీ కనబడేలా వెబ్‌సైట్‌లో "మీ అడ్రసుకి లేదు" అన్న స్క్రీన్‌షాట్, లైను పొడిగింపు ఖర్చు రాసిచ్చిన కాగితం బాగా పనికొస్తాయి.

ఇక్కడ చాలామంది స్పీడ్ టెస్టు ఫలితాలు పెట్టి దెబ్బతింటారు. ఇంటి కనెక్షన్ల ఛాలెంజ్‌లో అవి చెల్లవు. ఇక్కడ ప్రశ్న ఆ ప్లాను ఆ ఇంటికి అమ్ముతారా లేదా అన్నదే. వేగం తక్కువ వస్తోందంటే దానికి ఎఫ్‌సీసీ వినియోగదారుల ఫిర్యాదు వేరే ఉంది, దానికి కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. స్పీడ్ టెస్టులు పనికొచ్చేది మొబైల్ కవరేజీ ఛాలెంజ్‌లో, అవి కూడా ఎఫ్‌సీసీ స్పీడ్ టెస్ట్ యాప్‌తో చేస్తేనే మేలు.

ఇంకో మెలిక ఉంది. ఛాలెంజ్ వేసేవాళ్లు ఆ ఇంటి యజమానో, అక్కడ ఉండేవాళ్లో, సేవ అడిగే అధికారం ఉన్నవాళ్లో అయి ఉండాలి. మీరింకా కొనలేదు కాబట్టి ఇప్పటి యజమాని చేత వేయించండి, లేదా రిజిస్ట్రేషన్ అయ్యాక మీరు వేయండి. మీ పేరు, ఫోన్ నంబరు కంపెనీకి వెళ్తాయి, ఆ సంగతి తెలిసి వేయండి. కంపెనీ జవాబుకి 60 రోజులు. ఒప్పుకుంటే మ్యాప్ మారుతుంది. ఒప్పుకోకపోతే మీరూ కంపెనీ కలిసి తేల్చుకోవడానికి ఇంకో 60 రోజులు, అదీ తేలకపోతే ఎఫ్‌సీసీ నిర్ణయం.

ఛాలెంజ్ గెలిస్తే లైను వస్తుందనుకోకండి. మీ ఇంటికి సేవ ఇమ్మని ఎఫ్‌సీసీ కంపెనీని బలవంతం చేయదు, తప్పు ఎంట్రీ తీసేయిస్తుందంతే. కాకపోతే కొన్నిసార్లు ఛాలెంజ్ నోటీసు చూసి నిర్మాణ విభాగం కదులుతుంది, అడ్రసు తప్పు అప్పుడు బయటపడి కనెక్షన్ వచ్చేస్తుంది. ఇంకా పెద్ద ఉపయోగం డబ్బు విషయంలో. 42.45 బిలియన్ డాలర్ల బీడ్ (బ్రాడ్‌బ్యాండ్ లేని చోట్లకి లైన్లు వేయించే కేంద్ర పథకం) నిధులని 2023 జూన్‌లో రాష్ట్రాలకి పంచింది ఈ మ్యాప్ లెక్క మీదే. టెక్సాస్‌కి అందరికన్నా ఎక్కువగా 3.3 బిలియన్లు కేటాయించారు. బీడ్ కింద ఏ ఇళ్లకి సాయం అన్న జాబితాలని రాష్ట్రాలు తమ సొంత ఛాలెంజ్ ప్రక్రియతో తేల్చాయి కాబట్టి మీ ఛాలెంజ్ దాన్ని మార్చదు. కానీ తర్వాత వచ్చే పథకాలు కూడా ఈ మ్యాప్‌నే తెరిచి చూస్తాయి. మీ చుక్క పక్కన లేని ఫైబర్ ఉందని రాసి ఉన్నంతకాలం మీ రోడ్డుకి లైను వేస్తానని వచ్చేవాళ్లకి సాయం అందదు. పక్కిళ్లవాళ్ల చేత కూడా ఛాలెంజ్ వేయించండి, ఒక్కో చుక్కకీ విడిగా వేయాలి.

చివరగా, సర్వేలో టెర్మినల్ దగ్గరే ఉందని, ఖర్చు గేటు నుంచి ఇంటిదాకా తవ్వకానికే అని తేలితే బేరానికి అవకాశం ఉంది. కందకం తవ్వి కాండూయిట్ (తీగ పోయే పైపు) మీరే వేయించుకుంటే కంపెనీ లోపల తీగ లాగుతుందా అని అడగండి, కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. పైపు సైజు, లోతు, వంపులు ఎన్ని ఉండొచ్చో వాళ్ల స్పెసిఫికేషన్ ముందే రాతపూర్వకంగా తీసుకోండి. లోపల లాగుడు తాడు వేసి ఉంచండి. తవ్వేముందు 811కి ఫోన్ చేసి పాత లైన్లు గుర్తు పెట్టించండి. ఆ కొటేషన్ చేతిలో ఉంటే ఇంటి ధరలో అంత తగ్గించమని యజమానిని అడగొచ్చు, అదీ ఆప్షన్ పీరియడ్ అయిపోకముందే.